మస్టర్‌లో "పి", "హా", "ఓటీ" అని రాస్తే ఎక్సెల్‌లో నెల కూలీ లెక్క ఎట్ల తియ్యాలె?

తమ్మీ, నీ ప్రశ్న నాకు అర్థమైనకాడికి ఇది. మిర్యాలగూడ కాడ రైస్ మిల్లులో మస్టర్ (హాజరు పట్టీ) నువ్వే రాస్తవు, ఎక్సెల్‌లో మనిషికో వరుస, ఒకటో తారీఖు నుంచి ముప్పై ఒకటి దాక కాలమ్‌లు, రోజంతా చేసినోళ్లకు "పి", సగం పూటకు "హా", రాత్రి కూడా ఆగినోళ్లకు "ఓటీ", రానోళ్లకు "ఆ", వారం సెలవుకు "వా", జీతంతో సెలవుకు "సె". సమ్ పెడితే సున్నా వస్తుంది, ఒక్కొక్క సెల్ ప్లస్ పెట్టి కలిపితే వాల్యూ ఎర్రర్ వస్తుంది, ఆఖరికి ఇఫ్ లోపల ఇఫ్ పెట్టి పేద్ద ఫార్ములా రాసినవు, అది నడుస్తుంది గని ఇద్దరు ముగ్గురికి ఒకటి రెండు రోజులు తక్కువ చూపిస్తుంది, ఎక్కడ తప్పుతుందో దొరుకుతలేదు. హమాలోళ్ల లెక్క బస్తాల మీద పోతది కాబట్టి దాంతో నీకు ఈ ఇబ్బంది లేదు, రోజుకూలీ మీద ఉన్నోళ్లతోనే ఈ పంచాయితీ అంతా.

ముందుగాల సమ్ సంగతి. సమ్‌కు రేంజ్ ఇస్తే అందులో ఉన్న అంకెలనే కలుపుతది, అక్షరాలున్న సెల్‌ని చూసి ఊకుంటది, ఎర్రర్ కూడా ఇయ్యదు. నీ వరుసలో ఒక్క అంకె కూడా లేదు కాబట్టి సున్నా. ప్లస్ గుర్తు అట్ల ఊకోదు, అక్షరం కనబడితే వాల్యూ ఎర్రర్ ఇచ్చి ఆగుతది. అంటే ఎక్సెల్‌కి "పి" అంటే ఒకటి అని ఎవ్వరూ చెప్పలేదు, అది నీకు తెలుసు, మీ సేటుకి తెలుసు, షీట్‌కి తెల్వదు. ఎక్కడో ఒక్కచోట చెప్పాలె. ఆ ఒక్కచోటు ఏది అన్నదే అసలు ప్రశ్న, మిగిలిందంతా దానెనక వచ్చేదే.

నువ్వు ఆ విలువల్ని ఫార్ములా కడుపులో పెట్టినవు. ఇట్ల ఉంది నీది (ఫంక్షన్ల పేర్లు, కాలమ్ అక్షరాలు నేను తెలుగులో రాస్తున్న, నువ్వు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలె):

=ఇఫ్(బీ5="పి",1,ఇఫ్(బీ5="హా",0.5,ఇఫ్(బీ5="ఓటీ",1.5,0)))+ఇఫ్(సీ5="పి",1,... ఇట్ల ముప్పై ఒక్కసార్లు.

ఎక్సెల్ 2007 నుంచి ఇఫ్‌లో ఇఫ్ 64 మెట్ల దాక పెట్టొచ్చు, ఫార్ములా పొడుగు 8,192 అక్షరాల దాక పోవచ్చు, కాబట్టి నీది హద్దు లోపలే ఉంది, అందుకే నడుస్తుంది. కానీ ఆఖర్ల ఉన్న ఆ సున్నా చూడు. "పి" కాదు, "హా" కాదు, "ఓటీ" కాదు, అయితే సున్నా. అంటే నువ్వు "ఆ" అని రాసినా సున్నానే, "పి" రాయబోయి "పీ" అని రాసినా సున్నానే, "సె" అని రాస్తే అదీ సున్నానే, జీతంతో సెలవు అయినా సరే. మనిషి రాని రోజుకి, మనం తప్పు రాసిన రోజుకి తేడా ఫార్ములా చెప్తలేదు. నీ ఇద్దరు ముగ్గురి రోజులు పోయింది ఇక్కడనే, నూటికి తొంభై పాళ్లు ఇదే. ఎర్రర్ వస్తే మనం ఎట్లనో అట్ల వెతుకుతం, సున్నా వస్తే ఎవ్వరం వెతకం, ఆ మనిషి వచ్చి నాకు ఒక రోజు తక్కువైంది సారూ అని అడిగేదాక తెల్వదు, కొందరు అడగరు కూడా. ఎండలో వడ్లు ఆరబోసి సంపాదించిన రోజు అది, మన టైపింగ్ తప్పుకు పోవద్దు.

ఇగ పద్ధతి చెప్త. కొత్త షీట్ ఒకటి తియ్యి, దానికి కోడ్స్ అని పేరు పెట్టు. ఏ2 నుంచి ఏ7 దాక పి, హా, ఓటీ, సె, వా, ఆ అని ఆరు రాయి. పక్కన బీ కాలమ్‌లో వాటి విలువలు: 1, 0.5, 1.5, 1, 0, 0. "ఆ"కి సున్నానే గదా ఎందుకు రాసుడు అనుకోకు, తప్పకుండ రాయాలె, ఎందుకో కింద చెప్త. ఇప్పుడు మస్టర్ షీట్‌లో ఏ కాలమ్ పేరు, బీ నుంచి ఏఎఫ్ దాక 31 రోజులు, ఏజీలో మొత్తం. ఐదో వరుసకి ఏజీ5లో:

=సమ్‌ప్రొడక్ట్(కౌంటిఫ్(బీ5:ఏఎఫ్5,కోడ్స్!$ఏ$2:$ఏ$7),కోడ్స్!$బీ$2:$బీ$7)

గంతే, ఇదొక్కటే. ఇది ఏం చేస్తదంటే, లోపల కౌంటిఫ్‌కి ఒక్క కోడ్ కాకుండా ఆరు కోడ్‌ల జాబితా ఇచ్చినం కాబట్టి ఆరు లెక్కలు తెస్తది, ఈ వరుసలో పి ఎన్ని, హా ఎన్ని, ఓటీ ఎన్ని అని. సమ్‌ప్రొడక్ట్ ఆ ఆరింటిని పక్కనున్న ఆరు విలువలతో ఒక్కొక్కటి గుణించి కలుపుతది. ఒక మనిషికి పి 22, హా 3, ఓటీ 2, వా 4 ఉన్నయి అనుకో, మొత్తం 31 రోజులు. 22 కి 22, మూడు సగాలు 1.5, రెండు ఓటీలు 3, వారం సెలవులు సున్నా, 26.5 వస్తది. రోజుకి 600 అయితే 15,900. పాత ఎక్సెల్‌లో నడుస్తది, గూగుల్ షీట్స్‌లో నడుస్తది, లిబ్రే ఆఫీస్‌లో కూడా నడుస్తది, కంట్రోల్ షిఫ్ట్ ఎంటర్ లాంటిది ఏం అక్కర్లే. డాలర్ గుర్తులు మర్చిపోకు, అవి లేకుండ ఫార్ములాని కిందికి లాగితే కోడ్స్ టేబుల్ కూడా కిందికి జారిపోయి, ముందు "పి" పోతది, తర్వాత "హా" పోతది.

కొందరు ఒక్కో సెల్‌కి వీలుకప్ (టేబుల్‌లో వెతికి పక్కనున్న విలువ తెచ్చే ఫంక్షన్) పెట్టి ఇంకో 31 కాలమ్‌లు తీస్తరు, అవసరం లేదు గని తప్పు కాదు. పెడితే నాలుగో ఖానాలో సున్నా తప్పకుండ పెట్టాలె. ఖాళీగ ఇడిచిపెడితే అది దగ్గర్ల ఉన్నదాన్ని వెతికే పద్ధతికి పోతది, జాబితా అక్షర క్రమంలో లేకపోతే ఒకదానికి ఇంకోదాని విలువ తెచ్చి పెడతది, ఎర్రర్ లేకుండనే. ఎక్స్‌లుకప్‌లో ఆ బాధ లేదు, కానీ అది ఎక్సెల్ 2021, 365లలో ఉంటది, మన దగ్గర మిల్లులల్ల, ఆఫీసులల్ల చాలాకాడ ఇంకా 2010, 2016 నడుస్తున్నయి, కాబట్టి పై ఫార్ములానే మంచిది.

ఓటీ విలువ సంగతి ఇక్కడ చెప్పాలె, నువ్వు అడగకపోయినా. 1.5 అని ఎవరు పెట్టిన్రో గని, రాత్రి నాలుగు గంటలు అదనంగ చేసినందుకు సగం రోజు కూలీ కలిపితే అది మామూలు రేటే అయింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్‌లో ఓవర్‌టైమ్‌కి మామూలు కూలీకి రెండింతలు ఇయ్యాలె అని ఉండె, దాని జాగల వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా రెండింతలే. ఎనిమిది గంటల రోజుకి నాలుగు గంటల ఓటీ అంటే రెండింతల లెక్కన ఇంకో పూర్తి రోజు, కోడ్ విలువ 2 కావాలె. పైన చెప్పిన మనిషికే 26.5 బదులు 27.5 అయితది, 600 రూపాయలు ఎక్కువ. సేటుతో మాట్లాడుడు నీ పని, కానీ ఒప్పుకున్న రోజు కోడ్స్ షీట్‌లో 1.5ని 2 చేస్తే చాలు, మిల్లులో అందరి లెక్క ఒకేసారి మారుతది. నీ పాత పద్ధతిలో అయితే ప్రతి వరుసలో 31 చోట్ల మార్చాలె, ఒక్కచోట తప్పినా ఎవ్వరికీ కనబడదు.

ఇంకోటి, ఒకే గుర్తుకి రెండు విలువలు ఉండొచ్చు. "సె" రాస్తే కూలీకి 1, కానీ మనిషి మిల్లుకి రాలేదు, హాజరుకి 0. "ఓటీ" కూలీకి 2, హాజరుకి 1. అందుకని కోడ్స్ షీట్‌లో సీ కాలమ్ కూడా పెట్టు, హాజరు అని, పి 1, హా 0.5, ఓటీ 1, మిగిలినయి సున్నా. అదే ఫార్ములాలో బీ బదులు సీ పెడితే హాజరు రోజులు వస్తయి, పై మనిషికి 25.5. అక్షరం రాసుడులో ఉన్న లాభమే ఇది. సెల్‌లో నేరుగా 1, 0.5 అని కొట్టుకుంటే సమ్‌తో పని అయిపోయేది, నిజమే, కానీ "1" చూసి అది పని చేసిన రోజా, జీతంతో సెలవా అని ఎవ్వరూ చెప్పలేరు. ఏం జరిగిందో అక్షరం చెప్తది, దానికి ఎంత అన్నది టేబుల్ చెప్తది.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది. ఏహెచ్5లో చెక్ కాలమ్ పెట్టు:

=కౌంట్‌ఏ(బీ5:ఏఎఫ్5)-సమ్‌ప్రొడక్ట్(కౌంటిఫ్(బీ5:ఏఎఫ్5,కోడ్స్!$ఏ$2:$ఏ$7))

వరుసలో నిండిన సెల్‌లు ఎన్ని, అందులో మన టేబుల్‌లో ఉన్న కోడ్‌లు ఎన్ని, రెండింటి తేడా. సున్నా వస్తే అన్నీ తెలిసిన గుర్తులే. రెండు వస్తే రెండు రోజుల కాడ ఏదో రాసి ఉంది, అది ఏందో టేబుల్‌కి తెల్వదు. "ఆ"ని, "వా"ని కూడా సున్నా పెట్టి టేబుల్‌లో రాయమన్నది ఇందుకే, అవి తెలిసిన సున్నాలు. తెల్వని సున్నా వేరే, దాన్నే పట్టుకోవాలె. ఇంకా గట్టిగ కావాలంటే ఏజీలో మొత్తాన్ని ఇఫ్‌లో పెట్టి, ఏహెచ్5 సున్నా కాకపోతే "కోడ్ చూడు" అని వచ్చేటట్టు రాయి, అప్పుడు ఆ మనిషికి మొత్తమే రాదు, సరిచేసేదాక జీతం షీట్ ముందుకు పోదు. కొందరికి ఇది చికాకు అనిపిస్తది, నాకైతే అట్లనే ఉండాలె అనిపిస్తది. ఖాళీగ ఉన్న సెల్‌లని ఇది పట్టుకోదు, దానికి నెలాఖరుకి కౌంట్‌బ్లాంక్ ఒకటి పక్కన పెట్టుకో, ముప్పై రోజుల నెలకి ఒక ఖాళీ, ఫిబ్రవరికి మూడో రెండో ఖాళీలు ఉంటయి, అంతకంటే ఎక్కువ ఉంటే ఏదో రోజు రాయుడు మర్చిపోయినట్టు.

ఏ సెల్‌లో తప్పుందో కంటికి కనబడాలంటే బీ5 నుంచి మొత్తం సెలెక్ట్ చేసి కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఫార్ములా పెట్టు: =యాండ్(బీ5<>"",కౌంటిఫ్(కోడ్స్!$ఏ$2:$ఏ$7,బీ5)=0), రంగు ఎరుపు. గూగుల్ షీట్స్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ ఇంకో షీట్‌ని నేరుగా చూడనియ్యదు, అక్కడ ఆ రేంజ్‌ని ఇండైరెక్ట్‌లో కోట్స్ మధ్య పెట్టి ఇయ్యాలె.

ఇగ ఎరుపు వచ్చిన సెల్ చూస్తవు, చూస్తే అందులో "హా" అనే ఉంటది, సక్కగ. ఇక్కడనే అందరు తల పట్టుకుంటరు. ఆ సెల్‌కి పక్కన ఎక్కడన్న =లెన్(కె5) అని కొట్టి చూడు, ఆ సెల్ కె5 అనుకుంటే. "హా"కి 2 రావాలె. కంటికి ఒక్క అక్షరమే గని ఎక్సెల్ హ ఒకటి, దీర్ఘం ఒకటి లెక్కేస్తది, "పి"కి కూడా 2, "ఓటీ"కి 3, "ఆ"కి 1. "హా"కి 3 వచ్చింది అంటే ఎనక స్పేస్ ఉన్నట్టు. ఇది ఎక్కడి నుంచి వస్తదంటే, నువ్వు ఫోన్‌లో కూడా కొడతవు గదా, ఫోన్ కీబోర్డులో పైన వచ్చిన సూచన నొక్కితే పదం ఎనక స్పేస్ అదే వేస్తది. కంప్యూటర్‌లో కొట్టిన రోజులు సరిగ్గ ఉంటయి, ఫోన్‌లో కొట్టిన రోజులు పోతయి. నీ లెక్కలో తప్పు అందరికీ కాకుండ ఇద్దరు ముగ్గురికే ఉన్నదంటే ఇదే అయి ఉంటదని నా అనుమానం. ఫైండ్ రీప్లేస్‌లో స్పేస్‌ని ఖాళీతో మార్చు, పేర్ల కాలమ్ కాకుండ బీ నుంచి ఏఎఫ్ వరకే సెలెక్ట్ చేసుకొని, లేకపోతే మనుషుల పేరు ఇంటిపేరు అతుక్కుపోతయి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసినదైతే అందులో 160 నంబరు స్పేస్ ఉండొచ్చు, అది స్పేస్‌లు తీసే ట్రిమ్‌కి పోదు, =సబ్‌స్టిట్యూట్(కె5,క్యార్(160),"") అంటే పోతది.

రెండోది గుడింతం. ఇంగ్లీషులో పెద్ద పి, చిన్న పి రెండింటినీ కౌంటిఫ్ ఒకటే అనుకుంటది, అక్కడ మనకి సులువు. తెలుగులో ఆ సౌకర్యం లేదు, "పి" వేరే, "పీ" వేరే, "ఓటి" వేరే, "ఓటీ" వేరే, "ఓ.టీ" ఇంకోటి. మనం పలికేటప్పుడు ఒకటే, రాసేటప్పుడు ఎవరి చేతివాటం వాళ్లది, మస్టర్ ఇద్దరు రాస్తే రెండు తీర్లు ఉంటయి. దీనికి టేబుల్‌లోనే "పీ" 1, "ఓటి" 2 అని అదనంగ వరుసలు పెట్టుకోవచ్చు, అది కూడా తప్పు కాదు. కానీ ఒకే కోడ్ రెండుసార్లు పెట్టకు, "పి" రెండు వరుసల్లో ఉంటే ఈ ఫార్ములా రెండుసార్లు లెక్కేసి 22 రోజులకు 44 ఇస్తది. చెక్ కాలమ్ అప్పుడు మైనస్‌లోకి పోతది, మైనస్ కనబడితే టేబుల్‌లోనే తప్పు ఉందని అర్థం.

తప్పు పట్టుకునుడు కంటే తప్పు రానియ్యకుండ చేసుడు మేలు గదా, అందుకని డేటా వ్యాలిడేషన్‌లో లిస్ట్ పెట్టి సోర్స్ =కోడ్స్!$ఏ$2:$ఏ$7 ఇయ్యి. సెల్ మీద బాణం వస్తది, అందులోంచి ఎంచుకునుడే, వేరేది కొడితే తీసుకోదు. అయినా చెక్ కాలమ్ తీసెయ్యకు, ఎందుకంటే వేరే చోట నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే వ్యాలిడేషన్ ఆపదు, పైగా ఆ సెల్‌లో ఉన్న వ్యాలిడేషనే పోతది. మస్టర్ రాసేటోళ్లు నిన్నటి కాలమ్‌ని ఇయ్యాల్టికి పేస్ట్ చేసి రానోళ్లవి మార్చుకుంటరు, అది సులువు, వద్దంటే వినరు.

గుర్తులు ఎంచుకునేటప్పుడు జర చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నయి. ఓటీకి చుక్క గుర్తు, అంటే స్టార్, పెడతరు కొందరు, కాగితం మీద బాగుంటది, ఇక్కడ వద్దు. కౌంటిఫ్‌కి స్టార్ అంటే "ఏదైనా సరే" అని అర్థం, టేబుల్‌లో స్టార్ ఉంటే వరుసలో అక్షరమున్న ప్రతి సెల్ ఓటీ కింద లెక్కకొస్తది, మనిషికి అరవైకి పైన రోజుల కూలీ చూపిస్తది. ప్రశ్న గుర్తు కూడా అంతే, అది ఏదైనా ఒక్క అక్షరం. చిన్నది పెద్దది గుర్తులు, ఈక్వల్ గుర్తుతో మొదలయ్యేవి కూడా వద్దు.

అన్నిటికన్న పెద్ద ప్రమాదం సగం రోజుకి 1/2 అని రాసుడు. కాగితం మస్టర్ అలవాటు ఉన్నోళ్లు తప్పకుండ ఇట్లనే రాస్తరు. ఎక్సెల్ దాన్ని తారీఖు అనుకుంటది, మన దగ్గర రోజు ముందు నెల తర్వాత సెట్టింగ్ ఉంటది కాబట్టి ఫిబ్రవరి ఒకటి అయితది. తారీఖు అంటే ఎక్సెల్‌లో లోపల ఒక అంకెనే, 1900 జనవరి 1ని ఒకటి అనుకొని లెక్కేసుకుంటూ వచ్చిన రోజు నంబరు, 2025 ఫిబ్రవరి 1 అంటే 45689. సమ్ దాన్ని బుద్ధిగ కలుపుతది. ఒకమనిషికి నెలకి నలభై ఐదు వేల రోజులు వస్తే తప్పని వెంటనే తెలుస్తది గని, దాని మీద కౌంటిఫ్ పెట్టినోళ్లకు అది కనబడకుండ పోతది. 1/2నే కావాలంటే ముందు సున్నా, స్పేస్, తర్వాత 1/2 కొట్టాలె, అప్పుడు భిన్నం అయితది, 0.5 విలువతో. లాట్ నంబర్లకు కూడా ఇదే తీరు, 2ఇ3 లాంటి లాట్ నంబరు ఇంగ్లీషు అక్షరంతో కొడితే 2000 అయిపోతది, ఆ కాలమ్‌ని కొట్టకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టుకోవాలె, కొట్టినంక మారిస్తే ఎనకటిది రాదు.

ఇంకో పద్ధతి ఉంది, దాన్ని మస్తు మంది మెచ్చుకుంటరు, నేను సగమే మెచ్చుకుంట. సెల్‌లో అంకెనే కొట్టి, కనబడుడు మాత్రం అక్షరం కనబడేటట్టు చేసుడు. కస్టమ్ నంబర్ ఫార్మాట్‌లో [=1]"పి";[=0.5]"హా";0.0 అని పెడితే 1 కొట్టినకాడ "పి" కనబడతది, 0.5 కొట్టినకాడ "హా", సమ్ మామూలుగ పని చేస్తది. నంబర్ ప్యాడ్ మీద గబగబ కొట్టేటోళ్లకి ఇది బాగుంటది. కానీ ఇందులో షరతులు రెండే పెట్టనిస్తది, మూడోది "మిగిలినవన్నీ" అన్నట్టు. ఆ మూడో ఖానాలో "ఆ" అని పెట్టిన్రనుకో, సున్నా కొట్టినా "ఆ", పొరపాటున 10 కొట్టినా "ఆ"నే కనబడతది, మొత్తంలో మాత్రం పది కలుస్తది. కాగితం మీద రాలేదని ఉంటది, జీతం పది రోజులది పోతది. అందుకే మూడో ఖానాలో అంకెనే కనబడనియ్యాలె. మళ్ల కౌంటిఫ్‌తో "పి" ఎన్ని అని అడిగితే సున్నా చెప్తది, సెల్‌లో ఉన్నది 1 కాబట్టి. రెండు మూడు గుర్తులకంటే ఎక్కువ లేనికాడ, ఒక్క మనిషే రాసేకాడ అయితే సరే. బస్తాల లెక్కకి మాత్రం ఈ ఫార్మాట్ అచ్చంగ సరిపోతది, "42 బస్తాలు" అని సెల్‌లో కొట్టకుండ 42 కొట్టి ఫార్మాట్‌లో 0" బస్తాలు" అని పెట్టు, చూడనీకి బస్తాలు ఉంటది, కలపనీకి అంకె ఉంటది.

"పి+2" అని, అంటే రోజంతా ప్లస్ రెండు గంటలు అని, ఒకే సెల్‌లో రాస్తే ఎట్ల అని కూడా అడిగినవు. లెఫ్ట్, మిడ్ పెట్టి చీల్చొచ్చు, నేను వద్దంట. ప్రతి మనిషికి రెండు వరుసలు ఇయ్యి, పై వరుసలో గుర్తు, కింది వరుసలో ఓటీ గంటలు ఉత్త అంకెలు. గంటల మొత్తాన్ని 8తో భాగించి రెండుతో గుణిస్తే రోజులు వస్తయి.

గుర్తు విలువ కాలంతో మారేకాడ ఇంకొంచెం జాగ్రత్త కావాలె. హాలియా, మిర్యాలగూడ దిక్కు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లల్ల వడ్ల లెక్క రాసేటోళ్లు కూడా ఇదే అడుగుతుంటరు, కాలమ్‌లో "కామన్", "ఏ గ్రేడ్" అని ఉంటది, దానికి ధర రావాలె. 2024-25లో మద్దతు ధర క్వింటాల్‌కి కామన్ 2,300, ఏ గ్రేడ్ 2,320. 2025-26లో 2,369, 2,389. "ఏ గ్రేడ్" అన్న గుర్తు ఒకటే, విలువ రెండు. టేబుల్‌లో పాత ధర కొట్టేసి కొత్తది రాస్తే పోయిన ఏడాది లెక్కలన్నీ కొత్త ధరకు మారి కూసుంటయి, ఇచ్చిన పైసలకి షీట్‌కి పొంతన ఉండదు. అందుకే రేట్ల టేబుల్‌లో మూడు కాలమ్‌లు ఉండాలె, ఏడాది, రకం, ధర, పాత వరుస తీసెయ్యకుండ కింద కొత్త వరుస చేర్చాలె. లెక్క షీట్‌లో ఏ2లో ఏడాది, బీ2లో రకం ఉంటే ధర తెచ్చేది:

=సమిఫ్స్(రేట్లు!$సీ$2:$సీ$20,రేట్లు!$ఏ$2:$ఏ$20,ఏ2,రేట్లు!$బీ$2:$బీ$20,బీ2)

ఏడాది, రకం రెండూ కలిసిన వరుస ఒక్కటే ఉంటది కాబట్టి కలిపినా అదే ధర వస్తది. సన్న వడ్లకు రాష్ట్రం ఇచ్చే 500 బోనస్‌ని ధరలో కలిపి రాయకు, అది 2024 వానాకాలం నుంచి మొదలైంది, వేరే గుర్తు, వేరే కాలమ్, "సన్న" 500, "దొడ్డు" 0. 2025-26లో ఏ గ్రేడ్ సన్న వడ్లు 42 క్వింటాళ్లు అంటే 2,389కి 500 కలిపి 2,889, మొత్తం 1,21,338 రూపాయలు. సమిఫ్స్‌కి కూడా దొరకకపోతే సున్నా ఇచ్చే గుణం ఉంది, కాబట్టి ధర సున్నా వస్తే ఎరుపు పెట్టు, రైతు పైసలు అవి. ఏడాది గుర్తు కొట్టేటప్పుడు ఒక చిత్రం ఉంది, "2024-25" అంటే అక్షరంగనే ఉంటది, ఇరవై ఐదో నెల లేదు కాబట్టి. అదే పాత లెక్కలు ఎక్కించేటప్పుడు "2011-12" అని కొడితే 2011 డిసెంబర్ అయి కూసుంటది. ముందు ఒక సింగిల్ కోట్ పెట్టి కొట్టాలె.

స్కూల్ టీచర్లకి దీంట్లో ఇంకో చిక్కు ఉంటది, చిన్నగ చెప్తా. ఏ1 అంటే 10 పాయింట్లు, ఏ2 అంటే 9, బీ1 అంటే 8 అని గ్రేడ్‌లు ఉంటే, ఫార్ములాలో కోట్స్ లేకుండ ఏ1 అని రాస్తే అది గ్రేడ్ కాదు, షీట్‌లో మొదటి సెల్. ఎర్రర్ రాదు, ఆ సెల్‌లో ఉన్న హెడ్డింగ్‌తో పోల్చి తప్పు జవాబు చెప్తది. టేబుల్ పద్ధతిలో ఈ బాధ కూడా పోతది, గ్రేడ్ ఫార్ములాలోకే రాదు కాబట్టి. నేమ్ మేనేజర్‌లో గ్రేడ్‌కే విలువ పెట్టుకుందామంటే ఏ1 లాంటి పేర్లు తీసుకోదు, ఇంగ్లీషు ఆర్, సీ అన్న ఒంటి అక్షరాలని కూడా తీసుకోదు. తీసుకున్న పేరైనా సెల్‌లో ఉన్న అక్షరాన్ని చూసి దానంతటది విలువ కాదు, ఇండైరెక్ట్‌తో లాగుదామంటే ఆ పేరు ఒక సెల్‌ని చూపిస్తేనే పని చేస్తది, పేరుకి నేరుగా 1 అని పెడితే రెఫ్ ఎర్రర్ ఇస్తది. ఆ దారి ఇడిచిపెట్టు.

మిగిలింది నెల మారినప్పుడు ఏం చెయ్యాలె అన్నది. మస్టర్ షీట్ ఒక్కటే కాపీ చేసుకొని అన్ని నెలలకి ఒకే కోడ్స్ షీట్ వాడితే, ఓటీని 1.5 నుంచి 2కి మార్చిన రోజు పోయిన నెలల జీతాలు కూడా మారి కనబడతయి. ప్రతి నెలకి ఫైల్ మొత్తాన్నే సేవ్ యాజ్ చెయ్యి, కోడ్స్ షీట్ దాంతోపాటు పోతది, ఆ నెల విలువలు ఆ నెల ఫైల్‌లోనే ఉంటయి. కొత్త గుర్తు ఏదన్న చేర్చాల్సి వస్తే టేబుల్ ఆఖర్ల రాయకు, మధ్యలో రో ఇన్‌సర్ట్ చేసి రాయి, అప్పుడే ఫార్ములాలల్ల రేంజ్ దానంతటదే పెరుగుతది, చివర్ల రాస్తే ఏ7 కాడనే ఆగిపోతది. ముందుగాల మాత్రం పోయిన నెల ఫైల్ తీసి ఆ చెక్ కాలమ్ ఒక్కటి పెట్టి కిందిదాక లాగు, సున్నా రాని పేర్లు ఏవో చూసి, ఆ రోజులు కాగితం మస్టర్‌తో సరిపోల్చుకో, వాళ్లకు రావాల్సిన బాకీ ఈ నెల జీతంలోనే కలిపి ఇప్పియ్యి. లెన్ కొట్టినంక కూడా ఏదన్న సెల్ అర్థం కాకపోతే ఆ సెల్‌లో ఉన్నది ఉన్నట్టే కాపీ చేసి ఇక్కడ పెట్టు, చూసి చెప్త.